మంట లేని కుండ

పెళ్లయి ఎల్లారెడ్డి ఊరికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ వంట చూస్తే నాకు ఓపిక పోయేది. పొద్దున పొయ్యి మీదికెక్కిన పప్పు మధ్యాహ్నానికి గాని దిగేది కాదు. కామారెడ్డిలో మా పుట్టింట్లో కిరసనాయిలు స్టవ్వు మీద అన్నీ చకచకా అయిపోయేవి. ఇక్కడేమో పొట్టు పొయ్యి. రేకు డబ్బాకు కింద పక్కన ఒక రంధ్రం చేసి, నడుమ ఖాళీ సీసా నిలబెట్టి, దాని చుట్టూ కోత మిషను నుంచి తెచ్చిన రంపపు పొట్టు గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగేస్తే పొయ్యి తయారు. కింది రంధ్రంలో ఒక పుల్ల అంటించి పెడితే ఆ పొట్టు లోపల్లోపలే రగులుతూ పూటంతా కాలేది. దాని మీద మట్టికుండ పెట్టి, అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వేళ్లు తునికాకు మీద ఆడుతుండేవి, ముక్కు మాత్రం వంటింటివైపే ఉండేది.

"ఇంకా కాలేదా అత్తమ్మా?" అని అడిగితే, "అయితది తియ్యి. దానికేమన్న బస్సు పోతుందా?" అనేది.

బస్సు పోయేది నాకు. లింగంపేట దారిలో ఒక ఊళ్లో చిన్నబడి పంతులమ్మను. మా ఆయన కామారెడ్డిలో రైసు మిల్లులో పనిచేసేవాడు, తొలి బస్సుకు పోయి చీకటిపడే వేళకు వచ్చేవాడు. అందుకే పగలంతా ఆ ఇల్లు, ఆ పొయ్యి అత్తమ్మవే. నేను సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి గోంగూర మాంసమో, బొబ్బర్ల కూరో కుండలో వెచ్చగా ఉండేది. మాంసం వేలితో నొక్కితే ఎముక నుంచి విడిపోయేది. మొదట్లో సణిగిన నేను, ఆ కూర తినడం కోసం బస్సు దిగి పరుగులాంటి నడకతో ఇంటికి రావడం మొదలుపెట్టాను.

మా ఇంటిని ఆనుకుని ఇంకో ఇల్లుండేది. రెండిళ్లకూ వాకిలి ఒకటే, బావి ఒకటే. అందులో ఒక ముస్లిం కుటుంబం. ఆమెను మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. నాకంటే కొంచెం పెద్దది. భర్త దుబాయిలో ఉండేవాడు. అతను రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చి నెలో రెండు నెలలో ఉండి పోయేవాడు. ఆపా కూడా బీడీలు చుట్టేది. అరుగు మీద ఆ చివర ఒక చాట, ఈ చివర ఒక చాట. ఆ ఇద్దరి మాటలు తెలుగులో మొదలై ఉర్దూలోకి పోయి మళ్లీ తెలుగులోకి వచ్చేవి.

ఎనభైల చివర్లో ఒక రోజు పొద్దున, అలాగే బీడీలు చుడుతూ ఉండగా, అత్తమ్మ చేతిలోంచి ఆకు జారిపడింది. తీసుకుందామని చూస్తే చెయ్యి ముందుకు రాలేదు. ఆపాను పిలుద్దామంటే నోరు ఒక పక్కకు పోయింది. ఆపా కేకలు విని వీధిలో వాళ్లు జీపు మాట్లాడి కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. పక్షవాతం. మాట కొన్ని వారాలకు తిరిగొచ్చింది. కాలు కూడా ఈడ్చుకుంటూ నడిచేంతగా బాగుపడింది. కుడిచెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడుచుకుపోయి అలాగే ఉండిపోయింది.

దానితో వంట నా మీద పడింది. తెల్లవారకముందే లేచి, కొత్తగా కొన్న కిరసనాయిలు స్టవ్వు మీద ఇంత అన్నం, ఏదో ఒక కూర చేసి, అత్తమ్మకు మధ్యాహ్నానికి గిన్నెలో పెట్టి, మూతపెట్టి బస్సుకు పరుగెత్తేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే గిన్నెలో సగం అన్నం అలాగే ఉండేది.

"తినలేదేం అత్తమ్మా?"

"తిన్న బిడ్డా. ఆకలి లేదు."

ఆమెకు పళ్లు కొన్ని ఊడిపోయాయి. నా ఉరుకుల పరుగుల కూరలో ముక్క సరిగ్గా ఉడికేది కాదు. ఆమె ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఇదివరకు కూర దించగానే ఇంటిల్లిపాదినీ "ఉప్పు ఎట్లుంది?" అని అడిగి జవాబు వినందే ఊరుకునేది కాదు. ఇప్పుడు నేను పెట్టింది పెట్టినట్టు తిని, మిగిలింది మిగిల్చి, గోడకు ఆనుకుని కూర్చునేది.

ఒక రోజు మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు, ఎడమచేత్తో స్టవ్వు వెలిగించుకోబోయింది. అగ్గిపుల్ల గీయడానికి పెట్టెను మోకాళ్ల మధ్య ఇరికించుకుందట. స్టవ్వు అంటుకుంది, దానితో పాటు కొంగూ అంటుకుంది. ఆపా బావి దగ్గర నీళ్లు తోడుకుంటోంది కాబట్టి సరిపోయింది. పొగ చూసి లోపలికి ఉరికి, చేతిలో ఉన్న బకెట్టు నీళ్లు అలాగే గుమ్మరించింది. చర్మం కొద్దిగా కమిలింది, అంతే. నేను వచ్చేసరికి అత్తమ్మ తడి చీరతోనే కూర్చుని ఉంది. మార్చుకోమని ఆపా ఎంత చెప్పినా వినలేదట.

ఆ సాయంత్రం మా ఆయన ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలన్నీ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన భయం ఆయనది. కాని అత్తమ్మ ఆ తాళం చప్పుడు వింది.

"అగ్గిపెట్టె దాసిపెడ్తున్నవా? నేనేమన్న పసిపోరినా?"

"అట్లగాదు అవ్వా. నీకేమన్న అయితే?"

"అయితే అయితది. పొయ్యి కాడికి పోనియ్యకుంటే నేనేం జెయ్యాలె ఇంట్ల?"

మా ఆయన తాళంచెవి జేబులో వేసుకుని వాకిట్లోకి పోయాడు. ఆ తరువాత ఆమె రోజంతా తల వంచుకుని గోడవైపు తిరిగి కూర్చునేది.

ఆ వారంలోనే ఆపా భర్త దుబాయి నుంచి వచ్చాడు. భాయిసాబ్ వచ్చాడంటే వాకిలంతా సందడి. దుప్పట్లు, టేపురికార్డరు, సబ్బులు, అత్తరు. ఆపా ఈసారి మిక్సీ తెమ్మని చెప్పి పంపింది. అట్టపెట్టెలోంచి ఆయన తీసింది మిక్సీ కాదు. గోధుమ రంగులో గుండ్రటి కుండ. లోపల పింగాణీ గిన్నె, పైన గాజు మూత, పక్కన తిప్పే మీట ఒకటి. గిన్నె అంచున చిన్న పెచ్చు ఊడి ఉండడం, లోపల అడుగున మరకలుండడం ఆపా చూడనే చూసింది.

"ఇది వాడింది గదా? ఎవలో పారేసిన సామాను నాకు తెచ్చినవా?"

భాయిసాబ్ నవ్వి, తీగ విప్పదీశాడు. దాని తీగకు ఉన్న మూడు చదరపు పుల్లల ప్లగ్గు ఇక్కడి బోర్డుకు పట్టలేదు. బజారులో కరెంటు పనిచేసే అతని దగ్గరికి పోయి ప్లగ్గు మార్పించుకొచ్చాడు. ఆపా పట్టుదలగా అందులో మాంసం, మసాలా వేసి మీట తిప్పింది. గంట గడిచింది. మూత తీసి వేలు పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. ఇంకాసేపటికి మళ్లీ తీసింది. బుడగ కూడా రాలేదు. అంతలో కరెంటు పోయింది. విసుగొచ్చి మాంసాన్ని పాత గిన్నెలోకి ఒంపేసి, కట్టెల పొయ్యి మీద పెట్టేసింది.

"చూసినవా అవ్వా, దుబాయి పొయ్యి!" అని మా అరుగు మీదికొచ్చి అత్తమ్మకు చెప్పింది. "పొద్దుగాల పెడితే రేపటికి ఉడుకుతదేమో!"

తాళం పడ్డ రోజు నుంచి మొదటిసారి అత్తమ్మ తలెత్తింది. "మంట ఎక్కడుంటది దానికి?" అని అడిగింది.

"మంటే లేదు. గదే గదా నేను చెప్పేది!"

ఆ మాట గోడ అవతల ఉన్న భాయిసాబ్ చెవిన పడినట్టుంది. మరునాడు ఆదివారం. మేమంతా ఇంట్లోనే ఉన్నాం. ఆయన ఆ కుండను రెండు చేతులతో పట్టుకుని మా ఇంట్లోకి వచ్చాడు. అత్తమ్మ ముందర నేల మీద పెట్టి తానూ నేల మీదే కూర్చున్నాడు.

"అవ్వా, నువ్వు చెయ్యి పెట్టినా కాలదు. కొంగు తగిలినా అంటుకోదు. అగ్గిపెట్టెతోని పనే లేదు. పొద్దున అన్నీ ఏసి మీట తిప్పినవంటే పొద్దుమీకి కూర అయితది. నడుమల మూత తియ్యొద్దు, గదొక్కటే షరతు."

"పప్పు ఉడుకుతదా?"

"ఉడుకుతది."

"సొరకాయ?"

"మెత్తగ ఉడుకుతది. దాల్చా చేద్దమా?"

భాయిసాబ్ కత్తిపీట తెమ్మని నన్నడిగాడు. నేను తెచ్చి, "మీరు ఉండండి, నేను కోసిస్తాను" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని ఉల్లిగడ్డ ఒకటి తీసి టకటకా కోశాడు. ముక్కలన్నీ ఒకే మందంలో పడ్డాయి. వెల్లుల్లి ఒలిచాడు. చింతపండు నానబెట్టి ఇంకో ఉల్లిగడ్డ అందుకున్నాడు. అప్పుడే ఆపా గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. ఇంట్లో మంచినీళ్లు కూడా తాను ముంచుకుని తాగని మనిషి ఆయన. గ్లాసు ఖాళీ అయితే ఆపావైపు చూస్తే చాలు.

"నీకు ఉల్లిగడ్డ కొయ్యవస్తదా?"

ఆయన తల ఎత్తలేదు. "వస్తది."

"ఎప్పటి సంది?"

"పోయిన కాడికెల్లి."

"కంపెనోళ్లు అన్నం పెడ్తరన్నవు గదా! మెస్సుల తింటున్న అన్నవు గదా!"

భాయిసాబ్ చేతిలో ఉల్లిగడ్డ ఆగింది. అప్పుడు చెప్పాడు. మెస్సు మొదటి కొన్ని నెలలే ఉందట. తర్వాత ఒక గదిలో ఒకరి పక్కన ఒకరు పడుకునే జనం, గదికి ఒక మూల వంట. తెల్లవారుజామున కంపెనీ బస్సు వస్తుంది, తిరిగి వచ్చేసరికి పొద్దుకుంకుతుంది. ఎండలో ఇనుము మోసి వచ్చినవాడికి పొయ్యి ముందు నిలబడే ఓపిక ఉండదు. ఊరికి వెళ్లిపోతున్న ఒక కేరళ అతను ఈ కుండను గదిలో వదిలిపోయాడు. అప్పటినుంచి పొద్దున పప్పో మాంసమో అందులో వేసి పనికి పోవడం, సాయంత్రం వచ్చి అంతా చుట్టూ కూర్చుని తినడం.

"గదిల వంట నాదే. అందరు నన్ను ఉస్తాద్ అంటరు," అన్నాడు, సగం సిగ్గుతో సగం గర్వంతో. "నువ్వు వాడిందన్నవు గదా, వాడింది నేనే. ఈసారి వేరే క్యాంపుకు మారుస్తున్నరు. దీన్ని పారేయబుద్ధి గాలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏడుస్తవని."

ఆపా అక్కడ ఏడవలేదు. గడప దాటి లోపలికొచ్చి, ఆయన చేతిలోని ఉల్లిగడ్డ తీసుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. చివరికి ఆమె పక్కన కూర్చుని కొత్తిమీర ఏరడం మొదలుపెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది. ఉల్లిగడ్డ ఘాటు అనుకున్నట్టు మేమందరం ఊరుకున్నాం.

సొరకాయ మాత్రం అత్తమ్మే కోసింది. కత్తిపీటను ఎడమకాలితో తొక్కిపట్టి, ఎడమచేత్తో కాయను కత్తికేసి నొక్కింది. కాయ రెండుసార్లు జారిపోయి గోడ దాకా దొర్లింది. నేను తీసివ్వబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అత్తమ్మ జరుగుతూ పోయి తనే తెచ్చుకుంది. ముక్కలు పెద్దవి, చిన్నవి, వంకరటింకరగా వచ్చాయి. "గీ కుండకు పెద్ద ముక్కలే మంచియి," అన్నాడు భాయిసాబ్. శనగపప్పు, సొరకాయ, ఉల్లిగడ్డ, పసుపు, కారం, నీళ్లు. మూత పెట్టాక మీట తిప్పింది అత్తమ్మే. చింతపండు పులుసు ఆఖరున పోయాలని, ముందే పోస్తే పప్పు ఉడకదని ఆమె అంటే, "గది నాకు రెండేండ్లకు తెలిసింది అవ్వా!" అని ఆయన గట్టిగా నవ్వాడు.

ఆ రోజంతా అత్తమ్మ ఆ కుండ పక్కనే ఉంది. ఎవరొచ్చి మూత తీయబోయినా ఎడమచెయ్యి అడ్డం పెట్టేది. వోల్టేజీ తక్కువై బల్బు ఎర్రగా వెలుగుతోంది. మధ్యాహ్నం కాసేపు కరెంటు పోయింది కూడా. "పోనియ్యి. గిన్నె మందంగున్నది, ఏడి ఆగుతది," అంది. సాయంత్రం అయ్యేసరికి గాజు మూత లోపల నీటిచుక్కలు కారుతున్నాయి. వాకిట్లోకి వాసన వచ్చింది. పులుసు పోసి, నేను పోపు పెట్టిచ్చాక, రెండిళ్ల వాళ్లం అరుగు మీద కూర్చుని తిన్నాం. అత్తమ్మ తినకుండా మా ముఖాలు చూస్తోంది.

"ఉప్పు ఎట్లుంది?"

మా ఆయన నోట్లో ముద్ద పెట్టుకుని ఉన్నాడు. అది మింగి ఇంకొంచెం కలుపుకున్నాడు. "సరిపోయింది అవ్వా," అన్నాడు.

భాయిసాబ్ సెలవు అయిపోయేలోపు ఆ కుండ రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది. కొన్ని వంటలు కుదిరాయి, కొన్ని కుదరలేదు. బియ్యం వేస్తే లేహ్యమైంది. బెండకాయ కూరను చూసి ఆపా ముక్కు మూసుకుంది. మక్క రవ్వ గట్క మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. అడుగంటదు, కలియబెట్టే పని లేదు. చల్ల పోసుకుని తాగితే గొంతులోంచి జారిపోయేది. పోచారం చెరువు చేపలు ఎవరో తెచ్చిస్తే, చేపల పులుసు ఇందులో వద్దని అత్తమ్మ, చేద్దామని భాయిసాబ్ వాదించుకున్నారు. అత్తమ్మ మాటే చెల్లింది.

అవతలి ఇంట్లోంచి సాయంత్రాలు ఆపా నవ్వు వినిపించేది. ఆయన వంట చేస్తుంటే ఆమె పీట మీద కూర్చుని ప్రశ్నలడిగేదట. గదిలో కిటికీ ఉందా, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, పండగకు ఏం వండుకుంటారు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన దుబాయి గురించి అన్ని మాటలు చెప్పడం అదే మొదలని ఆపా నాతో అంది.

"టేపురికార్డరు తెస్తడు, చీరలు తెస్తడు. మనిషి ఆడ ఎట్లుంటడో నాకు ఎరుకనే లేదు చెల్లె," అంది బావి దగ్గర. "ఇప్పుడు ఎరుకైంది. ఎరుకైనంక పంపబుద్ధి గాలేదు."

అయినా పంపక తప్పలేదు. ప్రయాణం రోజున ఆపా మాంసం తెచ్చిచ్చింది, అత్తమ్మ గోంగూర వేసి ఆ కుండలో వండింది. పులుపు ఉంటే విమానమెక్కే బొంబాయి దాకా చెడిపోదని నీళ్లు ఇగిరేదాకా ఉంచింది. డబ్బాకెత్తి మూత బిగించి, గుడ్డ కట్టాం. కుండను సంచిలో పెట్టబోతుంటే భాయిసాబ్ వద్దన్నాడు.

"ఆడ ఇంకోటి దొరుకుతది. ఇది అవ్వ కాడనే ఉండనియ్యి."

"నీ వంట ఎట్ల మరి?" అంది అత్తమ్మ.

"నాకు రెండు చేతులున్నయి గదా అవ్వా," అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు. అత్తమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. "నాకు ఒకటి చాలు తియ్యి. పైలంగ పోయి రా," అని ఎడమచేత్తోనే అతని తల నిమిరింది.

ఆ తరువాత చాలా ఏళ్లు మా ఇంట్లో మధ్యాహ్నాలు మారిపోయాయి. నేను బస్సుకు పోయేముందు మసాలా ముద్ద నూరి పెట్టేదాన్ని. మిగతాదంతా అత్తమ్మ తనకు వీలైన తీరులో చేసుకునేది. తీగ బోర్డులో పెట్టడానికి, బరువైన గిన్నె కడగడానికి ఆపా వచ్చేది. బదులుగా కూరలో సగం ఆపా ఇంటికి పోయేది. రంజాన్ నెలలో మాత్రం లెక్క తిరగబడేది. హలీముకు గోధుమలు, మాంసం ఆపా సిద్ధం చేస్తే, పొద్దున్నించి కాపలా అత్తమ్మది. ఉపవాసం ఉండి వంట దగ్గర కూర్చోవడం ఆపాకు కష్టంగా ఉంటుందని అత్తమ్మ ఉద్దేశం. అగ్గిపెట్టెలు ఎప్పుడు బీరువాలోంచి బయటికి వచ్చాయో నాకు గుర్తు లేదు. మా ఆయన ఎప్పుడో తీసి యథాస్థానంలో పెట్టేశాడు.

తొంభైల మొదట్లో భాయిసాబ్ శాశ్వతంగా తిరిగొచ్చేశాడు. నడుము నొప్పితో ఇనుము మోయలేకపోయాడు. ఇంట్లో కొన్నాళ్లు ఊరికే కూర్చున్నాడు. ఏం చేయాలో తోచక జుక్కల్‌లో చుట్టాల దగ్గరికి పోయి వచ్చాడు, అక్కడ బట్టల వ్యాపారం పెడదామా అని. తిరిగొచ్చిన రోజు ఆపా ఆయనతో అన్న మాట మా అరుగు మీదికి వినిపించింది.

"బట్టల సంగతి నీకేమెరుక? వంట ఎరుక. వంటనే చెయ్యి. నేను మసాలా చూసుకుంట."

"మొగోడు ఊళ్లె వంట చేస్తే నవ్వుతరు."

"ఆడ చేస్తే నవ్విన్రా? తిన్నరు గదా!"

బస్‌స్టాండుకు దగ్గరలో రేకుల కప్పు వేసి, రెండు బల్లలు వేసి చిన్న హోటలు పెట్టారు. పొద్దున ఖిచిడీ, దాని మీదికి ఖట్టా అనే చింతపండు చారు. మధ్యాహ్నం అన్నం, దాల్చా. అక్కడ ఆ చిన్న కరెంటు కుండ ఎందుకూ పనికిరాదు. డేగిశలనే పెద్ద పెద్ద వంట గిన్నెలు, కింద బొగ్గులు. కాని మంట తగ్గించి, మూత కదపకుండా, తొందరపడకుండా వండే తీరు మాత్రం అదే. లింగంపేట నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనిమీద వచ్చిన రైతులు అక్కడే తినేవాళ్లు. మొదట్లో నవ్వినవాళ్లు ఉన్నారు. తర్వాత వాళ్లే తెల్లారగానే గిన్నె పట్టుకుని వరుసలో నిలబడ్డారు.

అత్తమ్మకు అప్పటికి నడక బాగా తగ్గిపోయింది. హోటలు చూడాలని ఒకటే గోల. ఒక సెలవు రోజున మా ఆయన, నేను ఆమెను రిక్షాలో తీసుకుపోయాం. భాయిసాబ్ గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చి, ఆమెను చెయ్యి పట్టి దింపి, బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. ఆపా లోపలి నుంచి మసాలా చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పక్క బల్ల మీద వాళ్లు, ఎవరో పెద్దమనిషి వచ్చిందనుకుని కాస్త జరిగి కూర్చున్నారు.

అత్తమ్మ ఎడమచేత్తో మెల్లగా కలుపుకుని ఒక ముద్ద తింది. భాయిసాబ్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"పులుపు జెర ఎక్కువైంది కొడుకా."

"రేపటికెల్లి తగ్గిస్త అవ్వా."

"తగ్గియ్యి," అంది. తలవంచుకుని ప్లేటు ఖాళీ అయ్యేదాకా తింది. తర్వాత ఇంకొంచెం వేయమని ప్లేటు ముందుకు జరిపింది.